నల్గొండ, పాలమూరు వైపు ఆరోగ్యశ్రీ మీద చూసే ఊపిరితిత్తుల డాక్టర్ ఎక్కడ? ఐసీయూ కూడా కావాలి

దేవరకొండ రాజు

అందరికీ నమస్తే. మా నాయనకు 66 ఏళ్లు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీగా చేశాడు. ఊక దుమ్ము, దానికి తోడు బీడీలు. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకై దమ్ము వచ్చే జబ్బు, అని కొన్నేళ్ల కిందట చెప్పారు, ఇన్‌హేలర్ మీద నడుస్తోంది. చలికాలం వచ్చిందంటే దమ్ము ఎక్కువై రాత్రి పడుకోలేడు. మంచం పట్టె పట్టుకొని ముందుకు వంగి అట్లాగే కూర్చుంటాడు.

దీపావళి తర్వాత ఒక రాత్రి పెదవులు నీలంగా మారాయి. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. గేటు మీద ఆరోగ్యశ్రీ బోర్డు పెద్దగా ఉంది. లోపలికి పోయాక ‘మాకు ఎముకలకు, ఆపరేషన్లకే ఉంది, ఊపిరితిత్తుల కేసుకు లేదు’ అన్నారు. ఆ టైంలో వేరే చోటికి తిప్పే పరిస్థితి లేదు. ఐసీయూలో పెట్టి మాస్కుతో ఒత్తిడి పెట్టి గాలి పంపే బైపాప్ మిషన్ తగిలించారు. బిల్లు కోసం అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టాం. నాయన ఇంటికి వచ్చాడు, దేవుడి దయ. కానీ డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టర్, ‘ఇది మళ్లీ వస్తుంది, పల్మనాలజీ (ఊపిరితిత్తుల వైద్యం), క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) రెండూ చూసే డాక్టర్ దగ్గర చూపించుకుంటూ ఉండండి’ అని చెప్పి పంపాడు.

నల్గొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ, హైదరాబాద్ ఈ చివరన గానీ ఆరోగ్యశ్రీ తీసుకునే అట్లాంటి డాక్టర్ ఉన్నారా? పేరు చెబితే రేపే తీసుకుపోతా.

పానగల్ శ్రీను

అన్నా, నార్కెట్‌పల్లి కామినేని చూడు. మెడికల్ కాలేజీ ఆసుపత్రి, ఛాతీ విభాగం ఉంటుంది. నల్గొండ దాటితే హైవే మీదే.

మూసీ గట్టు

నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఎందుకు వద్దు? 2019లో మెడికల్ కాలేజీ వచ్చాక ఛాతీ డాక్టర్లు, పీజీ చదివిన వాళ్లు వచ్చారు. వెనకటి జిల్లా దవాఖాన అనుకొని చాలామంది ఆ గేటు దాటి ప్రైవేటుకు పోతున్నారు. కార్డు ఉన్నా లేకపోయినా చూస్తారు.

మాజీ మిత్ర

రాజు తమ్ముడూ, నేను కొన్నేళ్లు ఆరోగ్యమిత్రగా, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కేసులకు సాయం చేసే మనిషిగా పనిచేశాను. ఎక్కడ అన్నది వద్దులే. నీకు ఆ రాత్రి గేటు దగ్గర జరిగింది కౌంటర్ ముందు కూర్చున్నప్పుడు నేను చాలాసార్లు చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ఆరోగ్యశ్రీ డాక్టర్ పేరు మీద ఉండదు, ఆసుపత్రి పేరు మీద ఉంటుంది. ఆసుపత్రికి కూడా మొత్తంగా ఇవ్వరు, ఒక్కో విభాగానికి విడిగా ఇస్తారు. ఎముకలకు అనుమతి ఉన్న ఆసుపత్రికి పల్మనాలజీ ఉండకపోవచ్చు. పల్మనాలజీ ఉన్నా ఐసీయూ సరిపడా లేక వెంటిలేటర్ కేసు తీసుకోకపోవచ్చు. బోర్డు మీద మాత్రం అందరికీ ఒకటే రాత. హైదరాబాద్ నుంచి వారానికి ఒకట్రెండు సార్లు వచ్చి చూసిపోయే పెద్ద డాక్టర్ ఉన్నాడని పోతే, ఆయన ఉన్నంత మాత్రాన ఆ విభాగం స్కీములో ఉన్నట్టు కాదు.

కాబట్టి ఫోన్ చేసి ‘ఆరోగ్యశ్రీ ఉందా’ అని అడగొద్దు. అందరూ ఉందనే అంటారు. ‘మీ ఆరోగ్యమిత్రతో మాట్లాడాలి’ అని అడుగు. మిత్ర లైన్‌లోకి వచ్చాక ‘పేషెంట్‌కు సీఓపీడీ, ఆయాసం ఎక్కువై బైపాప్ అవసరం పడుతోంది. మీ దగ్గర పల్మనాలజీ, క్రిటికల్ కేర్ రెండూ స్కీములో ఉన్నాయా, ఈ నెలలో అట్లాంటి కేసు తీసుకున్నారా’ అని అడుగు. చివరి ప్రశ్న మర్చిపోవద్దు. కాగితం మీద ఉండి ఏడాదిగా ఒక్క కేసూ తీసుకోని చోట్లు ఉంటాయి. 104కు చేసినా జిల్లాలో ఏ ఆసుపత్రికి ఏ విభాగం ఉందో చెబుతారు, ఆరోగ్యశ్రీ ట్రస్టు వెబ్‌సైట్‌లో కూడా జిల్లా, విభాగం పెట్టి వెతకొచ్చు.

ఇంకోటి. అత్యవసరమైతే ముందు చేర్చుకొని, ఫోన్ మీద అనుమతి తీసుకొని వైద్యం మొదలుపెట్టే పద్ధతి స్కీములో ఉంది. ‘రేపు పొద్దున అప్రూవల్ వచ్చాక చూద్దాం, ఇప్పటికి పైసలు కట్టండి’ అంటే వెంటనే మిత్రను పిలవమనండి, లేదా అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. ఒకసారి నగదు కేసుగా రాసుకొని బిల్లు కట్టాక దాన్ని ఆరోగ్యశ్రీలోకి మార్చడం జరగని పని.

మూసీ గట్టు అన్న మాటకు చిన్న చేర్పు. ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా కార్డు చూపించండి. అక్కడ కూడా మిత్ర ఉంటుంది. కేసు ఆరోగ్యశ్రీలో నమోదైతే ఆ డబ్బు ఆసుపత్రికే వస్తుంది. మందులు, పరికరాలు కొనుక్కోవడానికి వాళ్లకు ఆసరా అవుతుంది.

ఈ స్కీము 2007 ఏప్రిల్ 1న మొదలైంది కూడా మన దగ్గరే. అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్ జిల్లాలో. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది, 2023 డిసెంబరు 9 నుంచి. అంత ఉండి కూడా మనవాళ్లు పుస్తెలు కుదువ పెడుతున్నారంటే నాకు నిద్ర పట్టదు.

దేవరకొండ రాజు

మిత్ర అన్నా, చాలా థాంక్స్. ఇన్నేళ్లలో ఎవరూ ఇట్లా చెప్పలేదు. ఇంకో డౌట్. నల్గొండలో ఊపిరితిత్తుల డాక్టర్ క్లినిక్‌కు పోయి చూపిస్తే ఫీజు, టెస్టులు, ఇన్‌హేలర్‌కు కార్డు పనికిరాదా? నెలనెలా అయ్యే ఖర్చు అదే.

మాజీ మిత్ర

క్లినిక్‌లో పనికిరాదు తమ్ముడూ. స్కీము ప్రధానంగా చేరి వైద్యం చేయించుకునే కేసులకే. డిశ్చార్జ్ అయ్యాక 10 రోజుల మందులు ఇవ్వాలి, అది మాత్రం అడిగి తీసుకో, చాలామంది వదిలేసి వస్తారు. నెలనెలా చూపించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీయే దారి. రక్త పరీక్షలు, ఎక్స్‌రే లాంటివి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా చేస్తారు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, గద్వాలలో ఆ కేంద్రాలు 2021లోనే పెట్టారు. ఓపీలో లేని ఇన్‌హేలర్‌కు జన ఔషధి షాపులో అడుగు, అదే మందు చాలా తక్కువకు వస్తుంది.

నైట్ డ్యూటీ సిస్టర్

రాజు గారూ, నేను ఐసీయూలో పనిచేస్తాను. డాక్టర్ చదువుల గురించి ఒక మాట, ఎందుకంటే మీరు వెతికేది దొరక్క ఊరికే తిరుగుతారేమోనని.

బోర్డు మీద ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్ అని ఉంటే, లేదా పాత పద్ధతిలో టీబీ అండ్ చెస్ట్, డీటీసీడీ అని ఉంటే, వాళ్లు ఊపిరితిత్తుల డాక్టర్లే. దాని మీద డీఎం పల్మనరీ అండ్ క్రిటికల్ కేర్ చేసినవాళ్లు తక్కువమంది, ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటారు. జిల్లాల్లో ఐసీయూను మత్తు డాక్టర్ గానీ, జనరల్ మెడిసిన్ డాక్టర్ గానీ నడుపుతూ ఊపిరితిత్తుల డాక్టర్‌ను పిలిపించుకుంటారు. మీ నాయనగారికి అది సరిపోతుంది. ఒకే మనిషి రెండు పట్టాలతో ఉండాలని పట్టుబట్టొద్దు. రాత్రి రెండింటికి బైపాప్ పెట్టగలిగే మనిషి ఉన్నారా, ఏబీజీ మిషన్ పనిచేస్తోందా, అవి అడగండి. ఏబీజీ అంటే మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చూసే పరీక్ష. సీఓపీడీ పేషెంట్‌కు అది లేకుండా ఐసీయూ అంటే కళ్లకు గంతలు కట్టుకొని వైద్యం చేసినట్టే.

ఇంకో విషయం ఇంట్లో అందరికీ చెప్పండి. సీఓపీడీ ముదిరినవాళ్లకు ఆక్సిజన్ 100 చూపించాలని మాస్కు నిండా పెట్టకూడదు. వేలికి పెట్టే మిషన్‌లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఎక్కువ ఇస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. మనిషి మత్తుగా అవుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, పొద్దున లేవగానే తలనొప్పి అంటాడు. చూసేవాళ్లు ‘నెంబర్ బాగుంది, నిద్రపోతున్నాడు’ అనుకుంటారు. అట్లా నిద్రపోయినవాళ్లను మా దగ్గరికి తెల్లారి తెస్తారు. 108 ఎక్కేటప్పుడు టెక్నీషియన్‌కు ‘సీఓపీడీ, కిందటిసారి సీఓటూ పెరిగింది, 88 నుంచి 92 చాలు’ అని చెప్పండి. ఒక చీటీ మీద రాసి పాత డిశ్చార్జ్ కాగితానికి పిన్ను కొట్టి ఉంచండి, ఆ టెన్షన్‌లో నోటికి రాదు.

108 బండ్లలో అన్నింట్లో వెంటిలేటర్ ఉండదు. ఫోన్‌లోనే ఏఎల్‌ఎస్ బండి, అంటే వెంటిలేటర్ ఉన్న బండి, కావాలని అడగండి. ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) వాడుతున్నారా? లేకపోతే మందు సగం నాలుక మీదే పడిపోతుంది. ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కూడా ఓపీలో అడగండి.

పాలమూరు లక్ష్మి

నాది జడ్చర్ల దగ్గర. మా పెద్దన్న షాద్‌నగర్ వైపు పలుగురాయి పొడి చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ముక్కుకు తువ్వాల చుట్టుకొని చేసేవాళ్లు, సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. దగ్గు మొదలైతే టీబీ అని మందులు, తగ్గకపోతే మళ్లీ టీబీ అని మందులు. తెమడలో టీబీ కోసం చేసే సీబీనాట్ పరీక్షలో ఏమీ రాలేదు. ఆఖరికి సీటీ చేయించి సిలికోసిస్ అని చెప్పింది ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని రాయిలా గట్టిపడుతుందట, వెనక్కి పోదట.

క్వారీలు, క్రషర్లు, రాయి మిల్లులు, బయటి రాష్ట్రాల్లో సొరంగం పనులకు పోయిన మన పాలమూరు వాళ్లు ఎంతమంది లేరు? డాక్టర్ ముందు కూర్చోగానే ఏం పని చేశారో, ఎన్నేళ్లు చేశారో మీరే చెప్పండి, కేసు షీట్‌లో రాయించండి. సిలికోసిస్ చట్టం ప్రకారం పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. జీతంలో ఈఎస్‌ఐ పట్టుకున్నవాళ్లకు సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది, పరిహారం హక్కు కూడా ఉంటుంది. కాగితం మీద పని పేరు లేకపోతే తర్వాత ఎవరూ నమ్మరు. మా అన్నకు జీతం చీటీ కూడా ఇవ్వలేదు ఆ ఓనరు. పక్కనే పనిచేసిన ఇద్దరితో వాంగ్మూలం రాయించుకోవాల్సి వచ్చింది.

మహబూబ్‌నగర్‌లో అడిగారు కదా. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి 2016 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, ఛాతీ ఓపీ నడుస్తోంది. ఏనుగొండ ఎస్‌వీఎస్ కూడా మెడికల్ కాలేజీ ఆసుపత్రే. నాగర్‌కర్నూల్, వనపర్తి కాలేజీలు 2022లో వచ్చాయి.

కోదాడ కిరణ్

అందరూ ప్రభుత్వ ఆసుపత్రి అంటున్నారు, నాకు కోపం వస్తోంది. మా మేనమామను అర్ధరాత్రి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతే ‘వెంటిలేటర్ ఖాళీ లేదు, హైదరాబాద్ పొండి’ అని చీటీ రాసిచ్చారు. రెండు గంటల దారి. చౌటుప్పల్ దాటాక ప్రాణం పోయింది. ఓపీ ఉంటే ఏం లాభం, బెడ్ లేకపోతే? పల్మనాలజీ ఉన్న ఊర్లు కాదు, రాత్రి బెడ్ ఇచ్చే ఊర్లు చెప్పండి.

మూసీ గట్టు

కిరణ్ తమ్ముడూ, మీ మామగారి సంగతి విని చాలా బాధగా ఉంది. మీరు అడిగింది న్యాయమైన మాట. ఐసీయూ బెడ్లు చాలవు, అది ఎవరూ కాదనలేరు. కరోనా తర్వాత ఆక్సిజన్ పైపులైన్లు, ప్లాంట్లు వచ్చాయి, వార్డులో ఆక్సిజన్‌కు ఇదివరకటి కరువు లేదు. కానీ వెంటిలేటర్ పక్కన నిలబడే మనుషులు అంతగా పెరగలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్

కిరణ్ గారూ, ఖాళీ లేదన్నా సరే, పేషెంట్‌ను స్థిరపరచకుండా పంపకూడదు. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, అత్యవసర కేసుకు ప్రథమ చికిత్స చేసి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గొంతులో ట్యూబ్ వేసి, అంబూ బ్యాగ్‌తో గాలి కొడుతూ పంపడం ఒకటి, చీటీ రాసి పంపడం ఒకటి. ‘రెఫర్ చేస్తే చేయండి, అక్కడ బెడ్ ఉందని మీరే ఫోన్ చేసి మాట్లాడండి, అక్కడి డాక్టర్ పేరు చీటీ మీద రాయండి’ అని గట్టిగా అడగండి. డ్యూటీ డాక్టర్ వినకపోతే ఆర్‌ఎంఓను (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) పిలిపించమనండి. మామూలు రోజుల్లో మెత్తగా మాట్లాడేవాళ్లు కూడా ఆ పది నిమిషాలు గట్టిగా నిలబడాలి. మీ మామగారికి అది జరగలేదు, నాకూ బాధగానే ఉంది.

గాంధీకి పోతే ఎవరినీ వెనక్కి పంపరు, కానీ స్ట్రెచర్ మీద ఉండాల్సి రావచ్చు. నిమ్స్‌లో పల్మనాలజీ చాలా మంచిది, ఆరోగ్యశ్రీ ఉంది, ఐసీయూ బెడ్ దొరకడమే కష్టం. రెఫరల్ లేకుండా రాత్రిపూట నేరుగా నిమ్స్ గేటుకు పోయి కూర్చోవద్దు.

మర్రిగూడ స్వప్న

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా అత్తమ్మకు ఫ్లోరోసిస్, నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు. నడుము, మెడ, పక్కటెముకలు అన్నీ బిగుసుకుపోయి ఛాతీ లేవదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. బీడీ ముట్టదు, దుమ్ము పని లేదు. ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించాలా, ఎముకల డాక్టర్‌కా?

నైట్ డ్యూటీ సిస్టర్

అక్కా, ఒకసారి ఛాతీ ఓపీలో చూపించి పీఎఫ్‌టీ చేయించండి, గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష. వెన్నెముకకు, పక్కటెముకలకు మధ్య కీళ్లు గట్టిపడితే ఛాతీ విప్పుకోదు. ఊపిరితిత్తులు బాగున్నా గాలి తక్కువ పోతుంది. అది ఆస్తమా అనుకొని ఇన్‌హేలర్లు వాడితే ఉపయోగం ఉండదు. రక్తం తక్కువగా ఉందేమో, గుండె ఎట్లా ఉందో కూడా చూస్తారు. మీ మండలం పేరు చెబితే నల్గొండలో డాక్టర్లకు ఫ్లోరైడ్ సంగతి విడమరిచి చెప్పాల్సిన పనే ఉండదు.

రిటైర్డ్ పంతులు, సూర్యాపేట

రాజు బాబూ, రెండు మూడు విషయాలు.

మీరు కట్టిన బిల్లుకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టండి. ఆరోగ్యశ్రీ కింద చేయని వైద్యానికి అది ఉంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తీసుకొని ఎమ్మెల్యే ఆఫీసుకు పోతే లెటర్ ఇచ్చి 2024 జులై నుంచి ఉన్న ఆన్‌లైన్ పద్ధతిలో ఎక్కిస్తారు. కట్టినంతా రాదు, కానీ వచ్చేది పోగొట్టుకోవద్దు. బిల్లులన్నీ ముందే జిరాక్స్ తీసి పెట్టుకోండి. నిమ్స్ లాంటి చోట వైద్యానికి ముందే ఎల్‌ఓసీ (ఖర్చు సహాయనిధి భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే లెటర్) కూడా ఇస్తారు, అదీ ఆ ఆఫీసు నుంచే.

ఇంట్లో 70 దాటినవాళ్లు ఉంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 2024 అక్టోబరులో వచ్చింది, ఆదాయంతో పని లేదు. రేషన్ కార్డు లేక ఆరోగ్యశ్రీ రాని పెద్దవాళ్లకు అది మంచి ఆసరా.

ఇంకొకటి అందరూ గుర్తు పెట్టుకోవాలి. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులు ఉన్నాయి. 2025లోనే జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి. ఆసుపత్రులకు డబ్బు సకాలంలో ఇవ్వాల్సింది ప్రభుత్వం. కార్డు చేతిలో పెట్టి ఆసుపత్రి తలుపు మూసి ఉంటే పేదవాడు ఎవరిని అడగాలి? ఆ గొడవలు మన చేతిలో లేవు కాబట్టి, ప్రైవేటులో ఒకటి చూసుకున్నా ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీ ఒకటి మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి. అక్కడ మీ ఫైలు ఉంటే, ఆ రాత్రి కొత్త మనిషిగా పోరు.

దేవరకొండ రాజు

అందరికీ చేతులెత్తి నమస్కారం. సోమవారం నల్గొండ జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయాం. లైను పొడుగ్గానే ఉంది, పొద్దున్నే పోయినా మధ్యాహ్నం దాకా పట్టింది. ఛాతీ డాక్టర్ చిన్న వయసు మేడమ్. నాయనను ఇన్‌హేలర్ తన ముందే వాడమని చెప్పింది. చూసి ‘మీరు మందు మింగుతున్నారు, పీల్చడం లేదు’ అని స్పేసర్ పెట్టి మళ్లీ మళ్లీ చేయించింది. ఇన్నేళ్లు ఎవరూ చూడలేదు అది. పీఎఫ్‌టీ రాసింది. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 87 ఉంది. ఇంట్లో ఆక్సిజన్ అవసరం పడొచ్చు, రోజుకు కనీసం 15 గంటలు పెట్టాలి, ముందు ఏబీజీ చూద్దామని చెప్పింది.

మిత్ర అన్న చెప్పినట్టు జిల్లాలో రెండు నెట్‌వర్క్ ఆసుపత్రుల మిత్రలకు ఫోన్ చేశాను. ఒక చోట ‘పల్మనాలజీ ఉంది, వెంటిలేటర్ కేసులు తీసుకోవడం లేదు’ అన్నారు. ఇంకో చోట రెండూ ఉన్నాయి, ఈ నెలలో కేసులు చేశామన్నారు. రేషన్ కార్డులో నాయన పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో చూసుకోమని కూడా చెప్పారు. చూస్తే ఇంటిపేరు ఒక అక్షరం తేడా. మీసేవలో సరిచేయించడానికి ఇచ్చాను.

ఇంట్లో ఆక్సిజన్ అంటే సిలిండరా, మిషనా? మా ఊళ్లో కరెంటు పోతుంటుంది.

నైట్ డ్యూటీ సిస్టర్

ఆ మేడమ్ మంచి డాక్టర్, వదలొద్దు.

రోజంతా పెట్టాల్సి వస్తే మిషనే మేలు, కాన్సంట్రేటర్ అంటారు. గదిలో గాలినే లాక్కొని ఆక్సిజన్ ఇస్తుంది, నింపించే పని ఉండదు. ఒకటి రెండు లీటర్లు సరిపోయేవాళ్లకు 5 లీటర్ల మిషన్ చాలు. వెనక స్పాంజ్ ఫిల్టర్ వారానికోసారి కడిగి, ఆరాక పెట్టండి. గోడకు ఆనించి పెట్టొద్దు, గాలి ఆడాలి. వంటింట్లో అసలే వద్దు, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల, దీపం ఏదీ ఉండకూడదు.

కరెంటు పోయినప్పటికి ఒక సిలిండర్ పక్కన ఉండాలి. చిన్నది, బీ టైప్, నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు పెడితే 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. పెద్దది డీ టైప్ సుమారు 7000 లీటర్లు, అదే లెక్కన 58 గంటలు వస్తుంది కానీ మోయడం కష్టం. మీకు చిన్నదే సరిపోతుంది. రెగ్యులేటర్, హ్యుమిడిఫయర్ సీసా మీ దగ్గరే ఉంచుకోండి, అర్ధరాత్రి షాపు దొరకదు. డాక్టర్ రాసిన లీటర్లు మీరు పెంచొద్దు, ఎందుకో పైన రాశాను.

మాజీ మిత్ర

కొనే ముందు రాజు తమ్ముడూ, మీ మండలంలో దాతలు, యువజన సంఘాలు కరోనా అప్పుడు కొన్న మిషన్లు ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉన్నాయేమో అడుగు. చాలా ఊళ్లలో పంచాయతీ ఆఫీసు మూలన ఉన్నాయి. సర్వీసింగ్ చేయించి, ఆక్సిజన్ శాతం కొలిపించాకే వాడాలి.

అలంపూర్ యాదగిరి

మాది గద్వాల జిల్లా. మాకు హైదరాబాద్ దూరం, కర్నూలు దగ్గర. మా అమ్మకు దమ్ము. తెలంగాణ కార్డు కర్నూలులో పనిచేస్తుందా? రాత్రి ఏ దిక్కు పోవాలి?

మాజీ మిత్ర

యాదగిరి అన్నా, మీ దగ్గర ఏ కార్డు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ నెంబరుతో కార్డు ఉంటే వేరే రాష్ట్రంలో కూడా ఆయుష్మాన్ ఉన్న ఆసుపత్రిలో వాడుకోవచ్చు. తెలంగాణ 2021లో ఆయుష్మాన్‌లో చేరింది, కానీ రేషన్ కార్డు ఉన్న ప్రతి కుటుంబం అందులో లేదు. రేషన్ కార్డు మీద నడిచే ఆరోగ్యశ్రీకి ఆ వెసులుబాటు లేదు. మీసేవలో గానీ, ఆయుష్మాన్ యాప్‌లో గానీ అమ్మ ఆధార్‌తో చూస్తే పేరు ఉందో లేదో తెలుస్తుంది. అది ఈ వారంలోనే చూడండి. పేరు ఉంటే కర్నూలులో రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి, రాజుకు చెప్పిన ప్రశ్నలే అడిగి రాసుకోండి. పేరు లేకపోతే గద్వాల ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడి నుంచి మహబూబ్‌నగర్. గద్వాలకు కూడా 2024లో మెడికల్ కాలేజీ వచ్చింది.

కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి పెద్దది, ప్రాణం మీదకు వస్తే కార్డు సంగతి పక్కన పెట్టి ఏది దగ్గరైతే దానికి పోండి.

అలంపూర్ యాదగిరి

చూశాను అన్నా, అమ్మ పేరు ఆయుష్మాన్‌లో ఉంది. నాన్న పేరే లేదు. అమ్మకు కార్డు ప్రింట్ తీయించాను, రేపు కర్నూలుకు ఫోన్ చేస్తా. నాన్నకు 72, పంతులు గారు చెప్పిన వయ వందన కార్డుకు ఆధార్ ఒక్కటి చాలా?

రిటైర్డ్ పంతులు, సూర్యాపేట

ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉంటే చాలు బాబూ. ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గర పెట్టుకోండి, ఓటీపీ వస్తుంది.